ఉద్యోగం పోయిన చలికాలంలో: బ్రిటన్‌లో జాబ్‌సీకర్ భత్యం, హీటింగ్ సాయం తెచ్చుకునే పద్ధతి

రెడింగ్, స్లౌ, హౌన్‌స్లో, లెస్టర్ తెలుగు గ్రూపుల్లో ప్రతి అక్టోబరులోనూ ఇదే ప్రశ్న వస్తుంది: "లేఆఫ్ అయ్యాను, యూసీ (యూనివర్సల్ క్రెడిట్) ఎప్పుడు పెట్టాలి? గ్యాస్ బిల్లుకి ఏమైనా ఇస్తారా?" రెండింటికీ జవాబు తేదీల్లోనూ పేర్లలోనూ ఉంది. ఏ రోజు దరఖాస్తు పెట్టారు, కరెంటు ఖాతా ఎవరి పేరున ఉంది అన్న ఈ రెండింటి దగ్గరే ఎక్కువ డబ్బు పోతోంది.

ఇక్కడి రేట్లు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. ఏటా ఏప్రిల్‌లో మారుతాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున గవ్.యూకేలో ఒకసారి సరిచూసుకోండి. నియమాలు ఇంగ్లండ్, వేల్స్‌కు చెప్పినవి. స్కాట్లాండ్‌లో తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

## 1. అన్నిటికన్నా ముందు వీసా

ఈ-వీసాలో "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ భత్యాలు తీసుకోకూడదు) అన్న షరతు ఉందేమో చూడండి. స్కిల్డ్ వర్కర్, స్టూడెంట్, డిపెండెంట్, స్పౌజ్ వీసాల్లో మామూలుగా ఉంటుంది. ఉంటే యూనివర్సల్ క్రెడిట్, కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ (స్థానిక పన్నులో రాయితీ), చైల్డ్ బెనిఫిట్ ముట్టుకోకూడదు. తీసుకుంటే షరతు ఉల్లంఘన అవుతుంది, తర్వాతి వీసా మీద దెబ్బ పడుతుంది.

ఐ.ఎల్.ఆర్. (శాశ్వత నివాస అనుమతి) ఉన్నవారికి, బ్రిటిష్ పౌరులకు ఈ అడ్డు లేదు. కానీ కొన్నేళ్లు ఇండియాలో ఉండి ఈమధ్యే తిరిగొచ్చినవారిని, పౌరులైనా సరే, "హాబిచువల్ రెసిడెన్స్" (ఇక్కడే స్థిరంగా ఉంటున్నారా అన్న) పరీక్షలో ప్రశ్నలడుగుతారు. ఇల్లు అద్దెకు తీసుకున్న ఒప్పందం, పిల్లల స్కూల్ ఉత్తరం, జీపీ నమోదు, వచ్చిన టికెట్ దగ్గర పెట్టుకోండి.

న్యూ స్టైల్ జాబ్‌సీకర్స్ అలవెన్స్ (జేఎస్‌ఏ) సంగతి వేరు. అది మీరు కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ మీద వచ్చేది, పబ్లిక్ ఫండ్స్ జాబితాలో లేదు. అయితే స్కిల్డ్ వర్కర్ వీసా కంపెనీకి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోయాక హోం ఆఫీస్ సాధారణంగా 60 రోజుల గడువే మిగులుస్తుంది. ఈ స్థితిలో ఉన్నవారు దేనికైనా దరఖాస్తు పెట్టేముందు ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైన సలహాదారుతో మాట్లాడండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పినదాన్ని నమ్మి వీసా పోగొట్టుకోవద్దు.

భార్యాభర్తల్లో ఒకరికి ఐ.ఎల్.ఆర్. ఉండి ఇంకొకరికి ఆ షరతు ఉంటే, యూసీ దరఖాస్తులో ఇద్దరి వివరాలూ చెప్పాలి. డబ్బు మాత్రం ఒంటరి వ్యక్తి రేటుకే వస్తుంది. ఆదాయం, పొదుపు మాత్రం ఇద్దరివీ లెక్కేస్తారు. భాగస్వామిని దాచిపెట్టి ఒంటరినని రాయడం మోసం కిందికి వస్తుంది.

## 2. రెండు భత్యాలు, రెండు వేర్వేరు లెక్కలు

న్యూ స్టైల్ జేఎస్‌ఏ: 25 ఏళ్లు దాటితే వారానికి 92.05 పౌండ్లు, అంతకు తక్కువ వయసుకు 72.90. గరిష్ఠంగా 182 రోజులు. రెండు వారాలకోసారి పడుతుంది. మీ పొదుపు ఎంతున్నా, ఇంట్లో ఇంకొకరు సంపాదిస్తున్నా పట్టించుకోరు. చూసేదల్లా మీ నేషనల్ ఇన్సూరెన్స్ చరిత్రే.

యూనివర్సల్ క్రెడిట్: ఇది అవసరాన్ని బట్టి ఇచ్చేది. 25 దాటిన ఒంటరి వ్యక్తికి నెలకు 400.14 పౌండ్లు, జంటకు 628.10. 2017 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన బిడ్డకు 292.81 కలుస్తుంది. అద్దెకుంటే స్థానిక పరిమితి మేరకు అద్దె సాయం అదనం. ఇద్దరి పొదుపు కలిపి 16,000 పౌండ్లు దాటితే ఒక్క పెన్నీ కూడా రాదు.

అర్హత ఉంటే రెండూ పెట్టండి. జేఎస్‌ఏ ఎంత వస్తే యూసీలో అంతా కోస్తారు కాబట్టి మొత్తం పెరగదు. అయినా లాభం ఉంది: జేఎస్‌ఏ ముందుగా చేతికొస్తుంది, నేషనల్ ఇన్సూరెన్స్ క్రెడిట్లు మొదటి తరగతివి వస్తాయి.

హీటింగ్ విషయంలో మరచిపోకూడని మాట ఒకటుంది. జేఎస్‌ఏ ఒక్కటే ఉంటే చలికాలపు సాయంలో ఎక్కువ భాగం తెరుచుకోదు. ఆ తలుపులు తెరిచేది యూసీ. జేఎస్‌ఏ కోత పోగా యూసీ నెలకు పది పౌండ్లే మిగిలినా, ఆ పది పౌండ్ల అవార్డే కరెంటు ఖాతాలో జమయ్యే 150 పౌండ్ల వార్మ్ హోమ్ డిస్కౌంట్‌కు తాళంచెవి.

## 3. కూర్చునే ముందు చేతిలో ఉండాల్సినవి

యూసీ దరఖాస్తు ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాక 28 రోజుల్లో పూర్తి చేయకపోతే చెరిగిపోతుంది. మీ తేదీ మొదలుపెట్టిన రోజు కాదు, చివరన "సబ్మిట్" నొక్కిన రోజు. అందుకే ఇవన్నీ సిద్ధం చేసుకుని ఒకే కూర్చోబడిలో ముగించండి:

- నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (జంటైతే ఇద్దరిదీ)
- పాస్‌పోర్టు, ఈ-వీసా ఖాతా, షేర్ కోడ్
- చివరి మూడు పే స్లిప్పులు, పీ45 (ఉద్యోగం ముగిసినప్పుడు కంపెనీ ఇచ్చే పన్ను పత్రం)
- ఉద్యోగం ఎందుకు పోయిందో కంపెనీ ఇచ్చిన ఉత్తరం
- చివరి జీతం, సెలవుల డబ్బు, నోటీసు బదులు డబ్బు ఏ తేదీన పడతాయో హెచ్ఆర్ రాసిచ్చిన మెయిల్
- అద్దె ఒప్పందం, యజమాని చిరునామా
- అన్ని బ్యాంకు ఖాతాల నిల్వలు, ఇండియావి కూడా
- పిల్లల చైల్డ్ బెనిఫిట్ నంబరు, నర్సరీ ఖర్చుల రసీదులు
- గ్యాస్, కరెంటు ఖాతా నంబర్లు, ఆ రోజు మీటర్ రీడింగ్ ఫోటో

చివరిది యూసీ ఫారంలో అడగరు. కానీ ఆదాయం తగ్గిన రోజున రీడింగ్ ఎంతో చేతిలో ఉంటే, తర్వాత సరఫరాదారుతో కిస్తీల గురించి మాట్లాడేటప్పుడు అదే మీకు ఆధారం.

## 4. ఏ రోజు పెట్టాలి: డబ్బంతా ఇక్కడే ఉంది

యూసీ నెలల లెక్కన నడుస్తుంది. మీరు సబ్మిట్ చేసిన రోజు నుంచి నెల రోజులు మొదటి "అసెస్‌మెంట్ పీరియడ్". ఆ నెలలో మీ ఖాతాలో పడిన జీతం ఎప్పటి పనికి వచ్చిందో చూడరు, ఎప్పుడు పడిందో చూస్తారు.

లెక్క చూడండి. 25 దాటిన జంట, ఒక పాప, అద్దె సాయం 750 పౌండ్లు. జీతం లేని నెలలో యూసీ ఇలా వస్తుంది: 628.10 + 292.81 + 750 = 1,670.91 పౌండ్లు.

భర్త ఉద్యోగం 24న ముగిసింది. చివరి జీతం, చేతికొచ్చేది 2,400 పౌండ్లు, 28న పడుతుంది. కంగారుపడి 26నే దరఖాస్తు పెట్టారనుకోండి. ఆ 2,400 మొదటి నెలలోకి వస్తుంది. పిల్లలుండి అద్దె సాయం కూడా తీసుకునేవారికి 411 పౌండ్లు మినహాయింపు. మిగిలిన 1,989లో 55 శాతం, అంటే 1,093.95 కోత. వచ్చేది 576.96.

అదే 29న పెట్టి ఉంటే ఆ జీతం దరఖాస్తుకు ముందే వచ్చిన డబ్బు. మొదటి నెలకు 1,670.91 పూర్తిగా. మూడు రోజుల ఓపికకు 1,093.95 పౌండ్లు తేడా.

దీన్నిబట్టి పాటించాల్సింది:

- చివరి జీతం మరో వారం లోపు పడేదుంటే, పడిన మర్నాడు పెట్టండి. ఆ డబ్బు ఖర్చు కాకుండా మిగిలితే పొదుపు కింద లెక్కొస్తుందని గుర్తుంచుకోండి.
- చివరి జీతం ఇప్పటికే పడిపోయి ఉంటే ఈ రోజే పెట్టండి. ఆలస్యమైన ప్రతి రోజూ నష్టమే.
- జీతం రావడానికి మూడు వారాలుంటే ఆగడం సాధారణంగా దండగ. రెండు లెక్కలూ కాగితం మీద వేసి చూడండి.
- సెలవుల డబ్బు, నోటీసు బదులు డబ్బు జీతంతోపాటు కాకుండా తర్వాతి పేరోల్‌లో వస్తుంటే, ఆ తేదీ కూడా చూసుకోండి. ఇవి జీతమే. నోటీసు బదులు డబ్బు తీసుకున్న కాలానికి జేఎస్‌ఏ కూడా రాకపోవచ్చు.
- రిడండెన్సీ పరిహారం (ఉద్యోగం తీసేసినందుకు కంపెనీ ఇచ్చేది) జీతం కాదు, పొదుపు.

"మర్చిపోయాం, వెనక తేదీ నుంచి ఇవ్వండి" అంటే యూసీలో గట్టి కారణం ఉంటేనే, అదీ ఒక నెల వరకే ఒప్పుకుంటారు. ఇలాంటి భత్యం ఉందని తెలియకపోవడం కారణంగా చెల్లదు. జేఎస్‌ఏలో సరైన కారణం చూపితే మూడు నెలల వరకు వెనక్కి వెళ్లొచ్చు.

జేఎస్‌ఏకు ఇంకో తేదీ ఉంది, చాలామందికి తెలియదు. బెనిఫిట్ సంవత్సరం జనవరి మొదటి ఆదివారం మొదలవుతుంది. ఆ రోజుకు ముందు పూర్తయిన రెండు పన్ను సంవత్సరాలనే చూస్తారు. 2025 డిసెంబరులో పెడితే 2022-23, 2023-24. 2026 జనవరి 4 తర్వాత పెడితే 2023-24, 2024-25.

ఇండియా నుంచి తిరిగొచ్చి 2024 జనవరిలో ఉద్యోగంలో చేరిన ఒక బ్రిటిష్ పౌరురాలికి 2025 డిసెంబరులో పని పోయిందనుకోండి. డిసెంబరులో పెడితే 2022-23 ఖాళీ, తిరస్కరిస్తారు. జనవరి 5న పెడితే ఖాళీగా ఉన్న 2022-23 లెక్కలోకి రాదు, తిరస్కరణ తప్పొచ్చు. జేఎస్‌ఏ కోసం ఇలా ఆగొచ్చు. యూసీ మాత్రం ఆపకండి, రెండూ వేర్వేరు దరఖాస్తులు.

## 5. ఇండియాలో ఉన్న ప్లాటు, ఎఫ్‌డీ, అమ్మానాన్నల ఇల్లు

మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. "అది ఇండియాలో ఉంది కదా, వీళ్లకెందుకు?" అనుకుంటారు. ప్రపంచంలో ఎక్కడున్నా మీ పేరున ఉన్న ఆస్తి పొదుపు కిందే లెక్క. రాయకపోతే తర్వాత మొత్తం తిరిగి కట్టాలి, జరిమానా అదనం.

6,000 పౌండ్ల వరకు ఏ కోతా లేదు. అది దాటాక ప్రతి 250 పౌండ్లకు నెలకు 4.35 కోస్తారు. 12,000 పౌండ్ల రిడండెన్సీ డబ్బు చేతిలో ఉంటే నెలకు 104.40 కోత.

ఘట్‌కేసర్‌లో అన్నాతమ్ముడి పేరున ఉమ్మడిగా కొన్న ప్లాటు ఉందనుకుందాం. మార్కెట్ విలువ రూ.40 లక్షలు. పౌండుకు రూ.120 లెక్కన 33,333 పౌండ్లు. ఇది చూసి "16,000 దాటిందిగా" అని చాలామంది దరఖాస్తే పెట్టరు. కానీ అందులో సగమే మీది: 16,667. అమ్మకపు ఖర్చుల కింద 10 శాతం తీసేస్తారు: 15,000. వేరే పొదుపేమీ లేకపోతే అర్హత ఉంది. నెలకు 156.60 కోత పోగా మిగతాది వస్తుంది. ప్లాటు మీద బ్యాంకు అప్పుంటే అదీ తీసేయాలి.

మరికొన్ని:

- మీ పేరున కట్టిన ఇంట్లో మీ అమ్మానాన్నలు ఉంటూ, వాళ్లు ఇక్కడి స్టేట్ పెన్షన్ వయసు దాటి ఉంటే, దగ్గరి బంధువు నివాసం కింద ఆ ఇంటిని లెక్క నుంచి మినహాయించే నియమం ఉంది. వాళ్ల ఆధార్, ఆ చిరునామా కరెంటు బిల్లు జత చేసి అడగండి. మీరు అడగందే ఎవరూ గుర్తుచేయరు.
- నాన్న పేరునే ఉన్న పొలం మీ ఆస్తి కాదు.
- అమ్మకానికి పెట్టి నిజంగా ప్రయత్నిస్తున్న ఇంటికి ఆరు నెలల మినహాయింపు ఉంది. ఏజెంటుతో ఒప్పందం, ప్రకటన చూపాలి.
- ఒంటిమీద వేసుకునే నగలు వ్యక్తిగత వస్తువులు, పొదుపు కాదు. ఎఫ్‌డీ, షేర్లు, గోల్డ్ బాండ్లు పొదుపే.
- రిడండెన్సీ డబ్బు రాగానే తమ్ముడి ఖాతాకు పంపేసి "నా దగ్గర లేదు" అంటే ఒప్పుకోరు. ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు. నిజమైన అప్పు తీర్చడం, ఇంటికి అవసరమైనవి కొనడం మాత్రం తప్పు కాదు. రసీదులు దాచండి.

## 6. దరఖాస్తు వరుస

మొదట యూసీ ఆన్‌లైన్ ఖాతా తెరవండి. జంటైతే ఇద్దరికీ విడి ఖాతాలు. మొదటివారికి వచ్చే లింకింగ్ కోడ్‌ను రెండోవారు వేయాలి. రెండోవారు తమ భాగం పూర్తిచేసేదాకా మీ దరఖాస్తు పెట్టినట్టు కాదు.

తర్వాత ఆన్‌లైన్‌లో గుర్తింపు పరీక్ష. అది కుదరకపోతే జాబ్‌సెంటర్‌కు రమ్మంటారు. కోడ్ రాలేదని రోజుల తరబడి ఎదురుచూడకుండా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

మూడోది జర్నల్. మీ ఖాతాలో ఉండే ఈ పేజీలోనే వాళ్లు అడుగుతారు, మీరు జవాబిస్తారు. రోజుకొకసారి తెరిచి చూడండి. ఫోన్లో ఎవరేమన్నా, ఆ మాటను అదే రోజు జర్నల్‌లో రాసిపెట్టండి: "ఈ రోజు 11 గంటలకు ఫోన్లో ఇలా చెప్పారు, సరేనా?" ఆరు నెలల తర్వాత వివాదం వస్తే నిలబడేది ఆ వాక్యమే.

యూసీ పెట్టిన రోజునే న్యూ స్టైల్ జేఎస్‌ఏ ఫారం కూడా నింపండి, పై జనవరి చిక్కు మీకు లేకపోతే. ఒకటి పెడితే రెండోది దానంతటదే రాదు.

కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ కూడా అంతే. అది మీ కౌన్సిల్‌కు విడిగా పెట్టుకోవాలి. యూసీ వచ్చాక చూద్దామని ఆగేవారు నెలన్నర రాయితీ పోగొట్టుకుంటున్నారు. అదే వారంలో పెట్టేయండి.

ఇంగ్లిష్ ఫారం ఇబ్బందైతే సిటిజన్స్ అడ్వైస్ వారి "హెల్ప్ టు క్లెయిమ్" సేవ ఉచితం. జాబ్‌సెంటర్ దుబాసీని కూడా ఏర్పాటు చేస్తుంది, తెలుగు కావాలని ముందే అడగండి. పదేళ్ల పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి డబ్బు సంగతులు అనువదింపించకండి.

## 7. క్లెయిమెంట్ కమిట్‌మెంట్

జాబ్‌సెంటర్‌లో వర్క్ కోచ్‌తో కూర్చుని ఒప్పుకునే పత్రం ఇది. మామూలుగా వారానికి 35 గంటలు ఉద్యోగం వెతకాలి. రానుపోను ఒక్కో వైపు గంటన్నర దూరంలోని పనిని కూడా చూడాలి. చిన్న పిల్లల బాధ్యత, ఆరోగ్యం ఉంటే గంటలు తగ్గించమని అక్కడే అడగండి.

"నేను జావా డెవలపర్‌ని, అదే పని కావాలి" అనడానికి నాలుగు వారాల వరకే వెసులుబాటు. తర్వాత ఇతర పనులూ చూడాలి.

వెతికినట్టు రుజువు: తేదీ, కంపెనీ, ఉద్యోగం, ఎంతసేపు, ఏమైంది అని అయిదు గడులతో ఒక పట్టిక. సీవీ మార్చడం, కోర్సు చదవడం, రిక్రూటర్‌తో ఫోన్ మాట్లాడడం కూడా గంటల్లోకి వస్తాయి. అవి రాయక చాలామంది తక్కువ చూపిస్తున్నారు.

అపాయింట్‌మెంట్ తప్పితే కోత పడుతుంది. జ్వరమైనా, పాపకు బాగోలేకపోయినా ముందుగా జర్నల్‌లో రాయండి. మీ అంతట మీరు ఉద్యోగం మానేసి వచ్చారని తేలితే మొదటిసారి 91 రోజుల కోత. స్వచ్ఛంద రిడండెన్సీ అలాంటిది కాదు, ఉత్తరం చూపండి.

ఇండియా వెళ్లాల్సొస్తే టికెట్ కొనే ముందే చెప్పండి. యూసీ నెల వరకు ఆగకుండా ఉండొచ్చు, కానీ అక్కడున్నా ఉద్యోగం వెతకడం, పిలుపుకు జవాబివ్వడం మీ బాధ్యతే. దగ్గరివారు చనిపోయి తిరిగిరావడం సాధ్యం కాకపోతే మరో నెల పొడిగించే వీలుంది. చెప్పకుండా వెళ్లి పట్టుబడితే వివరించడం చాలా కష్టం.

## 8. డబ్బు వచ్చేదాకా ఐదు వారాలు

నెల పూర్తయి, ఆపై ఏడు రోజులకు మొదటి చెల్లింపు. ఈలోపు అడ్వాన్స్ అడగొచ్చు, అంచనా వేసిన మొదటి చెల్లింపు మొత్తం దాకా ఇస్తారు. వడ్డీ లేదు, కానీ అప్పే. 24 నెలల్లో యూసీ నుంచి కోస్తారు. పై జంట 1,670.91 పూర్తిగా తీసుకుంటే నెలకు దాదాపు 69.62 పోతుంది. అద్దెకు ఎంత తక్కువ పడుతుందో అంతే తీసుకోండి.

మొదటి చెల్లింపు తక్కువ వస్తే స్టేట్‌మెంట్‌లో సంపాదన గడి చూడండి. కంపెనీ హెచ్ఎంఆర్‌సీకి (పన్ను శాఖకు) ఆలస్యంగా తెలిపితే పాత జీతం కొత్త నెలలో కనిపిస్తుంది. పే స్లిప్, బ్యాంకు స్టేట్‌మెంట్ జర్నల్‌లో పెట్టి సరిచేయమనండి.

లండన్‌లో గానీ బయట గానీ కుటుంబానికి వచ్చే భత్యాల మొత్తం మీద బెనిఫిట్ క్యాప్ అనే గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఏడాదిగా నిలకడగా సంపాదించి ఇప్పుడు పని పోయినవారికి తొమ్మిది నెలలు ఆ క్యాప్ వర్తించదు. మీకు వేసేశారంటే గట్టిగా అడగండి.

## 9. హీటింగ్‌కు వచ్చేవి

వార్మ్ హోమ్ డిస్కౌంట్: 150 పౌండ్లు. కరెంటు ఖాతాలో జమ అవుతుంది. 2025-26 చలికాలం నుంచి ఇల్లు వేడి చేయడానికి ఎక్కువ ఖర్చవుతుందా అన్న పాత షరతు ఇంగ్లండ్, వేల్స్‌లో తీసేశారు. యూసీలాంటి భత్యం ఉంటే చాలు. కానీ రెండు గట్టి షరతులున్నాయి: 2025 ఆగస్టు 24న ఆ భత్యం అందుతూ ఉండాలి, ఆ రోజున కరెంటు ఖాతా మీ పేరున గానీ మీ భాగస్వామి పేరున గానీ ఉండాలి. అక్టోబరులో పని పోయినవారికి ఆ చలికాలానికి ఇది రాదు. స్కాట్లాండ్‌లో చాలామంది సరఫరాదారుకు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇల్లు పంచుకునేచోట ఖాతా పాత రూమ్మేట్ పేరునే నడుస్తుండడం మనవాళ్లలో మామూలు. వచ్చే ఆగస్టులోపు మార్పించండి. ఫోన్ చేసి మీటర్ రీడింగ్ ఇస్తే పని అయిపోతుంది. పెళ్లికి ముందు ఇంటిపేరు ఒకచోట, తర్వాతిది మరోచోట ఉన్నా కంప్యూటర్ కలపలేదు. యూసీలో ఏ స్పెల్లింగ్ ఉందో బిల్లు మీదా అదే ఉండేట్టు చూసుకోండి.

కోల్డ్ వెదర్ పేమెంట్: 25 పౌండ్లు. నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు, మీ పోస్ట్‌కోడ్‌కు సంబంధించిన వాతావరణ కేంద్రంలో వరసగా ఏడు రోజులు సగటు సున్నా డిగ్రీలు, అంతకు తక్కువ నమోదైనా, అలా ఉంటుందని అంచనా వేసినా ఇస్తారు. యూసీ ఉన్న అందరికీ కాదు. సాధారణంగా పనిలో ఉండకూడదు, పైగా ఇంట్లో ఐదేళ్లలోపు బిడ్డ గానీ, పని సామర్థ్యం తగ్గించే అనారోగ్యం గానీ ఉండాలి. దరఖాస్తు లేదు, దానంతటదే పడుతుంది. పాప పుట్టిన సంగతి యూసీకి తెలియజేయకపోతే మాత్రం పడదు.

స్కాట్లాండ్‌లో దీని బదులు వింటర్ హీటింగ్ పేమెంట్ ఉంది. 2025-26లో 59.75 పౌండ్లు, చలి ఎంతున్నా ఒకసారి.

వింటర్ ఫ్యూయల్ పేమెంట్. ఇది ఉద్యోగం లేనివారికి కాదు, 1959 సెప్టెంబరు 22కు ముందు పుట్టిన, ఇక్కడే నివసించే పెద్దలకు. ఇంటికి 200, ఎనభై దాటినవారుంటే 300. ఏడాది ఆదాయం 35,000 పౌండ్లు దాటితే పన్ను ద్వారా వెనక్కి తీసుకుంటారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు వర్తించదు.

కౌన్సిల్ నిధి. ఆగస్టు తేదీ తప్పినవారికి దారి ఇదే. ఇంగ్లండ్‌లో 2026 మార్చి 31 దాకా హౌస్‌హోల్డ్ సపోర్ట్ ఫండ్, ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో క్రైసిస్ అండ్ రెజిలియన్స్ ఫండ్. ఎంతిస్తారు, ఎవరికిస్తారు అన్నది ఒక్కో కౌన్సిల్‌ది. నిధి అయిపోతే తలుపు మూస్తారు కాబట్టి ముందే పెట్టండి. ఆదాయం పడిపోయిన తేదీ, మీటర్ బ్యాలెన్స్ ఫోటో, ఇంట్లో పసిపిల్లలున్నారా అన్న మూడూ మొదటి వాక్యాల్లోనే రాయండి.

## 10. బిల్లు కట్టలేకపోతే

మొదటి బిల్లు తప్పక ముందే సరఫరాదారుకు ఫోన్ చేయండి. మీరు కట్టగలిగే కిస్తీ ఎంతో లెక్కలోకి తీసుకోవాల్సిన బాధ్యత వాళ్లకుంది. నెలకు ఎంత వస్తోంది, అద్దె, తిండి, బస్సు పోను ఎంత మిగులుతోంది అని రాసుకుని ఆ అంకె చెప్పండి. భయపడి ఎక్కువ ఒప్పుకుంటే రెండో నెలకే ఒప్పందం తెగుతుంది.

అడగాల్సినవి:

- డైరెక్ట్ డెబిట్‌ను నిజమైన రీడింగ్ ప్రకారం సవరించడం
- కంపెనీ సొంత హార్డ్‌షిప్ ఫండ్ ఉందా
- ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టర్‌లో చేర్చడం: ఐదేళ్లలోపు పిల్లలు, పెద్దలు, దీర్ఘరోగులున్న ఇళ్లకు, ఉచితం
- ప్రీపేమెంట్ (ముందే డబ్బు వేసుకునే) మీటరైతే ఎమర్జెన్సీ క్రెడిట్, ఫ్యూయల్ వోచర్

రెండేళ్లలోపు బిడ్డ ఉన్న ఇంట్లో బలవంతంగా ప్రీపేమెంట్ మీటర్ పెట్టకూడదు. ఎవరైనా వారెంట్ అంటూ ఉత్తరం పంపితే బిడ్డ వయసు చెబుతూ ఆ రోజే రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇంట్లో కాంబి బాయిలర్ (వేడినీళ్ల ట్యాంకు లేనిది) ఉంటే రేడియేటర్లకు వెళ్లే నీటి ఉష్ణోగ్రతను 60 డిగ్రీలకు తగ్గించండి. గది వేడి తగ్గదు, కాస్త మెల్లగా ఎక్కుతుంది, గ్యాస్ ఆదా. వేడినీళ్ల ట్యాంకు ఉన్న బాయిలర్‌కు ఇలా చేయొద్దు, ట్యాంకు నీరు 60 కన్నా తగ్గితే బాక్టీరియా పెరుగుతుంది. పసిపాప ఉన్న గదిలో మాత్రం డబ్బు కోసం హీటింగ్ ఆపేయకండి. ముందు పైన చెప్పిన ఫోన్లన్నీ చేయండి.

## 11. కాదన్నప్పుడు

నిర్ణయం తేదీ నుంచి నెలలోపు "మాండేటరీ రీకన్సిడరేషన్" (నిర్ణయాన్ని తిరిగి పరిశీలించడం) అడగాలి. జర్నల్‌లో ఆ రెండు పదాలు స్పష్టంగా రాయండి. "మళ్లీ చూడండి ప్లీజ్" అని రాస్తే మామూలు సందేశంగా మూసేస్తారు. ఏ తేదీ నిర్ణయం, ఏ అంకె తప్పు, ఏ కాగితం దాన్ని చూపుతోంది అన్న మూడు ముక్కలు చాలు.

అప్పటికీ కాదంటే వచ్చే నోటీసు తేదీ నుంచి ఇంకో నెలలో ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు. ప్లాటు విలువ, చివరి జీతం తేదీ లాంటి వివాదాల్లో హెచ్ఆర్ మెయిల్, సబ్ రిజిస్ట్రార్ మార్కెట్ విలువ పత్రం, జర్నల్ స్క్రీన్‌షాట్లు తేదీల వరసలో పెట్టి, మొదటి పేజీలో ఒక పట్టిక వేసి పంపండి. విచారణ నడుస్తున్నంత కాలం జాబ్‌సెంటర్ అపాయింట్‌మెంట్లు మాత్రం ఒక్కటీ మానకండి.